పాట వింటే కడుపు పండుతుందా?

పోయిన బతుకమ్మ పండుగకు నాలుగు రోజుల ముందు చెల్లె వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. గులాబీ రంగు తామర పువ్వు మెల్లగా తిరుగుతుంటుంది, వెనక వేణువులాంటి శబ్దం. పైన ‘528 హెర్ట్జ్, సంతాన ప్రాప్తికి, రోజూ ఇరవై నిమిషాలు’ అని రాసి ఉంది. కింద చెల్లె రాసింది ఇంతే: ‘అక్కా, ఇది వింటే నిలుస్తదట. నిజమేనా?’

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నిజం కాదని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ పెళ్లయి ఐదేళ్లయిన మనిషి రాత్రి పదకొండున్నరకు ఆ మాట అడిగిందంటే, ఒక్క ముక్క జవాబు ఆమెకు సరిపోదు. పైగా ఆ వీడియో వెనక ఉన్నదంతా అబద్ధమని కూడా అనలేను. సంగీతం శరీరం మీద పనిచేస్తుంది, అది కొలిచి చూసిన సంగతి. మనసు మీది ఒత్తిడి నెలసరిని తాకుతుంది, అదీ నిజమే. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, పాట వింటే గర్భం నిలుస్తుందనే మూడో మాటను దానంతట అదే వచ్చేసినట్టు చెబుతున్నారు. చిక్కంతా అక్కడుంది. ఆ రాత్రి నుంచి చదివినదీ, చెల్లెకు విడతలు విడతలుగా చెప్పినదీ ఇక్కడ రాస్తున్నాను.

మెదడు వేసే దరువు

మెదడు అడుగున బాదం గింజంత ఉండే భాగం హైపోథాలమస్. జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ అక్కడి నుంచే బయలుదేరుతుంది. అది పిట్యూటరీ గ్రంథికి చేరితే, ఆ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఆడవాళ్లలో అండం ఎదగడం, విడుదల కావడం వాటి వల్లనే. మగవాళ్లలో వీర్యకణాలు తయారవడమూ వాటి వల్లనే.

ఇందులో నాకు ఎప్పుడూ అబ్బురంగా తోచే సంగతి ఒకటుంది. ఆ మొదటి హార్మోన్ నల్లా నీళ్లలా ఏకధారగా రాదు. దెబ్బ, విరామం, మళ్లీ దెబ్బ అన్నట్టు వస్తుంది. నెలసరి అయిన తర్వాతి రోజుల్లో గంటకో గంటన్నరకో ఒక దెబ్బ. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం కోతుల్లో ఈ హార్మోన్‌ను గంటకోసారి ఇచ్చి చూసింది, వ్యవస్థ చక్కగా నడిచింది. అదే హార్మోన్‌ను ఆపకుండా ఎక్కిస్తే మొత్తం మూగబోయింది. మందు అదే, తాళం తప్పింది, అంతే.

తాళం, దరువు అనగానే దీన్ని సంగీతంతో కలిపేయాలనిపిస్తుంది. చాలా వీడియోలు ఆ పనే చేస్తాయి. కానీ ఈ దరువు చెవికి వినపడేది కాదు, బయటి డోలు చప్పుడుకు సరిపడా మారేదీ కాదు. దీన్ని చెదరగొట్టేవి వేరే ఉన్నాయి: తిండి చాలకపోవడం, బరువు ఒక్కసారిగా పడిపోవడం, మితిమీరిన వ్యాయామం, తీవ్రమైన మనోవేదన. అలాంటప్పుడు శరీరంలో కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, జీఎన్‌ఆర్‌హెచ్ దెబ్బలు దూరం దూరంగా పడతాయి. కరువులోనో ప్రాణభయంలోనో ఉన్న శరీరం బిడ్డను మోయడాన్ని వాయిదా వేసుకుంటుందన్నమాట. అది మరీ ఎక్కువైతే నెలసరే ఆగిపోతుంది.

ఇలా నెలసరి ఆగిపోయిన 16 మంది స్త్రీలతో అమెరికాలో సారా బెర్గా బృందం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఎనిమిది మందికి 20 వారాల పాటు మానసిక చికిత్స ఇచ్చారు. తిండి గురించీ, పని గురించీ, తమ గురించీ ఉన్న ఆలోచనలను సరిచేసుకునే కౌన్సెలింగ్ అది. మందులేమీ లేవు. వాళ్లలో ఏడుగురికి అండాశయాలు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాయి. ఏ చికిత్సా లేకుండా గమనించిన ఎనిమిది మందిలో ఇద్దరికే అలా జరిగింది. చిన్న అధ్యయనమే, కానీ మనసుకూ అండాశయానికీ మధ్య దారి ఉందని ఇంత సూటిగా చూపించినవి తక్కువ.

అయితే ఆ దారి ఎవరిలో మూసుకుపోయిందో గమనించాలి. నెలసరి నెలల తరబడి ఆగిపోయినవాళ్లలో. చెల్లెకు ఇరవై ఎనిమిది, ముప్పై రోజులకు తప్పకుండా వస్తుంది. అంత క్రమంగా వస్తున్నదంటే లోపల ఆ దరువు సరిగ్గానే పడుతున్నట్టు లెక్క. ఆమెకు టెన్షన్ లేదని కాదు, చాలా ఉంది. కానీ ఆ టెన్షన్ అండాన్ని ఆపడం లేదు.

‘టెన్షన్ తీసుకోకు, అదే వస్తది’

పిల్లలు కాని ఆడమనిషికి మన ఊళ్లలో అందరూ ఇచ్చే సలహా ఇది. బతుకమ్మ దగ్గర ఇస్తారు, పెళ్లి పందిట్లో ఇస్తారు, బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ కూడా ఇస్తుంది. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ మాటకు ఇంకో వైపు ఉంది. రానిది నీ టెన్షన్ వల్లనే, అంటే నీ వల్లనే అని అందులో దాగి ఉంటుంది. చెల్లె ఒకసారి ఏడుస్తూ, ‘నేను టెన్షన్ పడుతున్నానేమో అని మళ్లా టెన్షన్ అయితుందక్కా’ అంది.

పరిశోధన ఏమంటోంది? కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ బోవిన్, ఇద్దరు సహచరులు 2011లో 14 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో సంతాన చికిత్స తీసుకుంటున్న 3,583 మంది స్త్రీలు ఉన్నారు. చికిత్సకు ముందు ఎంత ఆందోళన, ఎంత దిగులు ఉందో కొలిచి, ఆ విడతలో గర్భం వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చారు. తేడా కనపడలేదు. చాలా భయపడినవాళ్లకూ వచ్చింది, నిబ్బరంగా ఉన్నవాళ్లకూ తప్పింది.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 2014లో అమెరికాలో సహజంగా బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న 501 జంటల మీద వచ్చిన అధ్యయనంలో లాలాజలంలో ఆల్ఫా అమైలేజ్ అనే ఒత్తిడి గుర్తు ఎక్కువగా ఉన్న స్త్రీలకు గర్భం వచ్చే అవకాశం 29 శాతం తక్కువగా తేలింది. విచిత్రంగా, అదే అధ్యయనంలో కార్టిసాల్‌కు మాత్రం ఏ సంబంధమూ కనపడలేదు. అంటే ఒత్తిడి ప్రభావం అసలు లేదని ఎవరూ అనలేరు, ఆలస్యం చేయవచ్చు. కానీ టెన్షన్ పడ్డందుకే పిల్లలు కాలేదని ఒక మనిషి మొహం మీద అనడానికి సైన్సులో ఆధారం లేదు. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే ఇదే చదవమంటాను.

పాట నిజంగా ఏం చేస్తుంది

ముందు ఒక తేడా చెప్పాలి. విదేశాల్లో మ్యూజిక్ థెరపీ అంటే దానికంటూ చదువు చదివిన థెరపిస్టు రోగితో కూర్చుని, మాట్లాడి, పాడించి, వాయించి, ఒక లక్ష్యం పెట్టుకుని చేసే చికిత్స. రికార్డు చేసిన పాట హెడ్‌ఫోన్‌లో వినడం వేరు. మన దగ్గర మ్యూజిక్ థెరపీ పేరుతో నడిచేది చాలావరకు ఆ రెండోదే. దాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, పరిశోధనల్లో ఎక్కువ భాగం దాని మీదనే జరిగాయి.

2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆపరేషన్ల చుట్టూ సంగీతం మీద జరిగిన 73 అధ్యయనాల సమీక్ష ప్రచురించింది. సుమారు ఏడు వేల మంది రోగుల సమాచారం అది. ఆపరేషన్‌కు ముందో, జరుగుతుండగానో, తర్వాతనో సంగీతం విన్నవాళ్లకు నొప్పి తగ్గింది, ఆందోళన తగ్గింది, నొప్పి మందుల వాడకమూ తగ్గింది. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు. ఏ సంగీతం, ఎప్పుడు అన్నదానివల్ల పెద్ద తేడా రాలేదు. ఫలానా రోగానికి ఫలానా రాగం అని పట్టికలు అమ్మేవాళ్లు ఈ చివరి వాక్యాన్ని ఎన్నడూ చెప్పరు.

స్త్రీల పరీక్షలకు వస్తే, 2003లో హాంగ్‌కాంగ్‌లో గర్భాశయ ముఖద్వారాన్ని లెన్స్‌తో చూసే కాల్పోస్కోపీ పరీక్షకు వచ్చిన 220 మందిలో సగం మందికి నెమ్మది సంగీతం వినిపించారు. వాళ్లకు భయమూ నొప్పీ తక్కువగా ఉన్నాయి. నైజీరియాలో ట్యూబ్ టెస్ట్‌కు వచ్చినవాళ్లతో చేసిన పరిశీలనలోనూ పాట ఆందోళనను తగ్గించింది. ట్యూబ్ టెస్ట్ అంటే గర్భసంచిలోకి మందు ఎక్కించి, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూసే పరీక్ష. చేయించుకున్నవాళ్లను అడగండి, ఆ బల్ల మీద పది నిమిషాలు ఎంత పొడుగో చెబుతారు. ఆ భయానికి ఎంతోమంది ఆ పరీక్షను నెలల తరబడి వాయిదా వేస్తారు.

ఇంకో అధ్యయనం నాకు చాలా ఇష్టం. 2006లో ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి గుండె వేగం, రక్తపోటు, శ్వాస కొలిచింది. అందులో మన రాగసంగీతమూ ఒకటి. వేగంగా సాగే సంగీతానికి గుండె, ఊపిరి వేగం పెరిగాయి. అనుకున్నదే. అనుకోనిది ఏమిటంటే, మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపినప్పుడు గుండె వేగం, రక్తపోటు వినడానికి ముందున్న స్థాయి కన్నా కూడా కిందికి దిగాయి. పాట శరీరాన్ని పట్టి ఉంచుతుంది, ఆగినప్పుడు శరీరం వదులవుతుంది. ఒక కృతి పూర్తయ్యాక తంబురా శ్రుతి ఒక్కటే మోగుతుంటే కలిగే ఆ నెమ్మది ఊహ కాదన్నమాట.

మరి గర్భం? టర్కీలో ఐవీఎఫ్ (అండాన్ని ఒంటి బయట ఫలదీకరించి చేసే చికిత్స) చేయించుకుంటున్న 186 మందికి పిండాన్ని గర్భసంచిలో పెట్టే రోజున ఈ పరీక్ష జరిగింది, ఫలితం 2017లో వచ్చింది. సగం మంది సంగీతం విన్నారు, సగం మంది వినలేదు. ఆందోళన రెండు గుంపుల్లోనూ తగ్గింది, పాట వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. గర్భం నిలిచినవాళ్ల శాతం కూడా రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. మొదట్లో చెప్పిన మూడు మాటల్లో, సంగీతం శరీరం మీద పనిచేస్తుందనే ముడి గట్టిది, ఒత్తిడి నెలసరిని తాకుతుందనేది కొంత గట్టిది, పాట వింటే గర్భం నిలుస్తుందనే మూడోది పట్టుకుని లాగితే ఊడి వస్తోంది.

గాజు గిన్నెలో పాట

అందరినీ తికమక పెట్టే వార్త ఇంకోటి ఉంది. బార్సిలోనాలోని ఇన్‌స్టిట్యూట్ మార్కెస్ అనే సంతాన కేంద్రం 2013లో, అండాలూ వీర్యకణాలూ ఉంచే ఇంక్యుబేటర్లలో చిన్న ఐపాడ్లు పెట్టి సంగీతం మోగిస్తే ఫలదీకరణ ఐదు శాతం వరకు పెరిగిందని ప్రకటించింది. ఇంకేముంది, పిండానికి కూడా సంగీతం ఇష్టమట అని మన చానళ్లలోనూ తిరిగింది.

అండానికి చెవి లేదు. అక్కడ పనిచేసి ఉంటే పనిచేసింది ప్రకంపన. ఒంట్లో అయితే ట్యూబు లోపలి సన్నని నూగు కదులుతూ, ద్రవాన్ని కదుపుతూ ఉంటుంది. గాజు గిన్నెలో అన్నీ కదలకుండా ఉంటాయి. శబ్దం వల్ల ఆ ద్రవం కొంచెం కలియబడి పోషకాలు సమంగా చేరి ఉండవచ్చని ఆ కేంద్రం వాళ్లే వివరించారు. అంటే ఇది గిన్నెను మెల్లగా కదిపిన లెక్క. ఫలదీకరణ జరగడం వేరు, బిడ్డ పుట్టడం వేరు, ఆ రెండింటి మధ్య చాలా మెట్లు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని తల్లి విన్న పాటకూ ఈ ప్రయోగానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక 528 హెర్ట్జ్ సంగతి. హెర్ట్జ్ అంటే ఒక్క సెకనులో ఎన్ని కంపనాలు అన్న లెక్క. 432లో ప్రశాంతత ఉందని, 528లో సంతానం ఉందని చెప్పేవాళ్లకు మన సంగీతంలోనే జవాబు ఉంది. మన ‘స’కు, అంటే షడ్జమానికి, స్థిరమైన హెర్ట్జ్ లేదు. ఎవరి గొంతును బట్టి వాళ్లు శ్రుతి పెట్టుకుంటారు. మగవాళ్లు చాలామంది ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. ఒకటి శ్రుతి అంటే సుమారు 261 హెర్ట్జ్, ఐదు అంటే సుమారు 392. అదే రాగం, అదే కృతి, గొంతు మారితే అంకెలన్నీ మారిపోతాయి. మహిమ అంకెలోనే ఉంటే మన విద్వాంసులు ఇన్ని తరాలుగా ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్లు శ్రుతి మార్చుకుని పాడేవారే కాదు. నీలాంబరి వింటే నిద్ర పడుతుందని పెద్దలు చెప్పింది నిజంగా చాలామందికి అనుభవమే. ఆ రాగపు నడక, నెమ్మది, చిన్నప్పటి జోల జ్ఞాపకం అన్నీ కలిసి చేసే పని అది.

పాట తెరవలేని తలుపులు

ఏడాది పాటు ఏ జాగ్రత్తలూ లేకుండా, కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని సంతాన సమస్య అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం చెబుతుంది, పరీక్షలు అప్పుడు మొదలుపెడతారు. ముప్పై ఐదు దాటిన స్త్రీలైతే ఆరు నెలలకే వెళ్లమంటారు డాక్టర్లు. 2023లో ఆ సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటారు.

‘కలిసి కాపురం చేసినా’ అన్న మాట దగ్గర ఆగండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఎన్ని ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారో చెప్పక్కర్లేదు. చెల్లె భర్త, మా మరిది, దుబాయిలో రొట్టెల బట్టీ దగ్గర పనిచేశాడు. రెండేళ్లకు ఒకసారి రెండు మూడు నెలలకు వచ్చి పోయేవాడు. పెళ్లయి ఐదేళ్లు అని ఊరంతా లెక్కపెడుతున్నది, కానీ పోయిన ఎండాకాలం వరకు వాళ్లు ఒకే కప్పు కింద ఉన్నది వేళ్ల మీద కూడితే తొమ్మిది నెలలు. నిర్వచనం ప్రకారం ఆమెకు సంతాన సమస్య ఉందనడానికే అప్పటికి లెక్క సరిపోదు. అయినా వేములవాడలో కోడె మొక్కు చెల్లించారు, మేడారంలో ఎత్తు బంగారం ఇచ్చారు, పసరు మందులు మింగింది ఆమె ఒక్కతే.

కారణాలు దొరికే చోట్లు వేరుగా ఉంటాయి. పీసీఓడీ (అండాశయాల్లో చిన్న తిత్తులు), థైరాయిడ్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), మన దేశంలో ఇంకా కనపడే గర్భాశయపు టీబీ వల్ల మూసుకుపోయిన ట్యూబులు. మూసుకుపోయిన ట్యూబును ఏ రాగమూ తెరవదు. దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. బట్టీలు, బాయిలర్లు, రోజుకు పన్నెండు గంటల లారీ సీటు ఆ చల్లదనాన్ని చెడగొడతాయి. పొగాకు, మద్యం వేరే. వీర్య పరీక్షకు ఖర్చు తక్కువ, నొప్పి లేదు, ఒక్క పూటలో అయిపోతుంది. అందరికన్నా ముందు జరగాల్సిన పరీక్ష మన ఇళ్లలో అందరికన్నా చివర జరుగుతుంది.

సంగీతం పేరుతో ప్యాకేజీలు అమ్మేవాళ్ల మీద నా అసలు కోపం డబ్బు గురించి కాదు, కాలం గురించి. ముప్పై ఐదు దాటాక అండాల సంఖ్య, నాణ్యత త్వరగా పడిపోతాయి. ఇంకో ఆరు నెలలు విని చూద్దాం అనుకున్న ఆరు నెలలు తిరిగి రావు. ఐవీఎఫ్‌కే వెళ్లాల్సి వస్తే, 2021 చట్టం ప్రకారం ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఏ పాట గుచ్చుకుంటుంది

చెల్లెతో మొదటిసారి ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లినప్పుడు వెయిటింగ్ హాల్లో జోలపాటలు మోగుతున్నాయి. గోడల నిండా నవ్వే పసిపిల్లల ఫోటోలు. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. చెల్లె పది నిమిషాలు కూర్చుని బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది. ‘ఆ పాట ఆపమని చెప్పక్కా’ అంది. సంగీతం అందరికీ హాయినిస్తుందని అనుకునేవాళ్లు ఇది మరిచిపోతారు. ఒకే పాట ఒకరికి మందు, ఇంకొకరికి పుండు మీద కారం.

బతుకమ్మకే ఒక కథ ఉంది. పుట్టిన బిడ్డలందరినీ పోగొట్టుకున్న ధర్మాంగదుడనే రాజు, సత్యవతి దంపతులకు నోములు నోచాక ఒక ఆడబిడ్డ పుట్టిందని, బతకాలని బతుకమ్మ అని పిలిచారని మా నాయనమ్మ చెప్పేది. సంతానం లేని తల్లి దుఃఖంలో మొదలైన పండుగ అది. అలాంటి పండుగలోనే, చేతులు చరుస్తూ వలయంలో తిరుగుతున్న ఆడపిల్లను ఆపి ‘ఏమన్న విశేషమా?’ అని అడుగుతాం. శ్రీమంతంలో గాజులు తొడిగే వరుసలో ఆమెను పక్కన కూర్చోబెడతాం. గొడ్రాలు అనే మాట ఇంకా మన నోళ్లలో బతికే ఉంది. చెల్లె రెండేళ్లుగా బతుకమ్మ ఆడటం మానేసింది.

గుంపుగా పాడటం మనుషులకు చేసే మేలుకు మాత్రం మంచి సాక్ష్యం ఉంది. లండన్‌లో కాన్పు తర్వాత దిగులుతో ఉన్న 134 మంది తల్లులపై 2018లో వచ్చిన పరిశోధనలో, పది వారాలు కలిసి పాడినవాళ్లు మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ల కన్నా త్వరగా తేరుకున్నారు. అది కాన్పయిన తల్లుల సంగతి, సంతానం కోసం ఎదురుచూసేవాళ్ల సంగతి కాదు. అయినా ‘ఉయ్యాలో’ అని ఒకరందుకుంటే ఇరవై మంది తిరిగి పలికే చోటుకు ఒక మనిషి దూరమైతే, ఆమె పోగొట్టుకున్నది పాట ఒక్కటే కాదు. ఆ వలయంలోకి ఆమెను ఏ ప్రశ్నా లేకుండా రానిస్తే, ఏ ప్యాకేజీ ఇవ్వలేనిది ఆమెకు దొరుకుతుంది.

చికిత్స మధ్యలో మానేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఎంతోమంది డబ్బు వల్లనే కాదు, మనసూ ఒళ్లూ అలిసిపోయి మానేస్తారని వేర్వేరు దేశాల అధ్యయనాలు చూపించాయి. ఇంజెక్షన్లు, స్కానింగులు, ప్రతి నెలా ఆశ, ప్రతి నెలా ఏడుపు. పాట గర్భాన్ని తేలేకపోయినా, ఇంకో విడతకు నిలబడే ఓపికను మిగల్చగలిగితే అది చిన్న పని కాదు. నా దృష్టిలో సంగీతానికి ఇక్కడున్న అసలు చోటు అదే.

గర్భం వచ్చాక

ఇక్కడ సంగీతానికి పని ఎక్కువ. తైవాన్‌లో 236 మంది గర్భిణులతో చేసిన అధ్యయనంలో రెండు వారాల పాటు రోజూ అరగంట పాటలు విన్నవాళ్లలో ఒత్తిడి, ఆందోళన, దిగులు మూడూ తగ్గాయి. కడుపులోని బిడ్డ శబ్దానికి స్పందించడం ఆరో నెల దగ్గర మొదలవుతుంది. ప్రహ్లాదుడి కథ విన్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. పొట్టకు హెడ్‌ఫోన్లు కట్టాల్సిన పని లేదు, తల్లి గొంతు ఆమె శరీరం గుండానే లోపలికి చేరుతుంది. డీజే బాక్సుల ముందు, మరమగ్గాల షెడ్డుల్లో గంటల తరబడి ఉండటం మాత్రం గర్భిణులకు మంచిది కాదు.

తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వెన్నులో మత్తు ఇచ్చి చేసే ఆ ఆపరేషన్లో తల్లి మెలకువగానే ఉంటుంది, కత్తెరల చప్పుడూ డాక్టర్ల మాటలూ అన్నీ వింటుంది. ఆ ముప్పావుగంట ఆమె చెవిలో ఆమెకు నచ్చిన పాట పెట్టడానికి ఆసుపత్రికి ఖర్చేమీ లేదు.

చెల్లె ట్యూబ్ టెస్ట్ దీపావళి తర్వాతి వారం జరిగింది. లోపలికి ఫోన్ తీసుకెళ్లనిస్తారా అని అడిగితే టెక్నీషియన్ ఒక చెవికి పెట్టుకోమంది. 528 హెర్ట్జ్ పెట్టుకోలేదు. అమ్మ పాడిన బతుకమ్మ పాట, మూడేళ్ల కిందట వాకిట్లో తీసిన రికార్డు. వెనక కుక్క అరుపు, ఎవరివో నవ్వులు కూడా వినపడతాయి అందులో. ‘నొప్పి వచ్చిందక్కా. కానీ అమ్మ మల్లెపూల కాడికి వచ్చేసరికి అయిపోయింది’ అంది బయటికి వచ్చి.

ట్యూబులు రెండూ తెరిచే ఉన్నాయి. అదే వారం మరిది మొదటిసారి వీర్య పరీక్ష చేయించుకున్నాడు. మిల్లీలీటరుకు కనీసం కోటీ అరవై లక్షలు ఉండాల్సిన కౌంట్ తొంభై లక్షలు ఉంది. బట్టీ పని మానమని, సిగరెట్ ఆపమని డాక్టర్ చెప్పారు. కొత్త వీర్యకణాలు తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కాబట్టి శివరాత్రి తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. మరిది తిరుగు టికెట్ రద్దు చేసుకుని జగిత్యాలలో ఒక కిరాణా దుకాణంలో చేరాడు.

ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కలిసి ఒకటో రెండో పాటలు వింటున్నారట. నేను చెప్పిన ఇటలీ సంగతి చెల్లెకు గుర్తుంది. పాట అయిపోయాక ఇంకోటి పెట్టకుండా కాసేపు అలాగే కూర్చుంటున్నామని చెప్పింది.